ఆకురాలు కాలపు బీర్లు: లేబుల్ మీది రుతువు, గ్లాసులోని రుతువు

సెప్టెంబరు వచ్చేసరికి అమెరికాలోనూ ఐరోపాలోనూ బీరు దుకాణాల అరలు రంగు మారతాయి. నీలం, తెలుపు గళ్ల లేబుళ్లతో, మ్యూనిక్ నగరపు ఉత్సవం పేరు పెట్టుకున్న ఆక్టోబర్‌ఫెస్ట్ బీర్లు ఒక వరుసలో నిలబడతాయి. నారింజ రంగు గుమ్మడికాయ బొమ్మలున్న సీసాలు ఇంకో వరుసలో. చల్లని అరలో ‘ఫ్రెష్ హాప్’ అని ఆకుపచ్చ అక్షరాలు రాసిన డబ్బాలు. అన్నిటినీ కలిపి సీజనల్ బీర్లు అనేస్తారు. వీటిలో ఒకటి కొద్ది వారాల్లో తాగెయ్యకపోతే చేసిన శ్రమంతా వృథా అయ్యేది. మరొకటి చల్లటి చోట ఓపిగ్గా వారాలు, నెలలు పడి ఉంటేనే రుచి కుదిరేది. ఇంకొకటి ఏ నెలలో తయారు చేసినా పెద్ద తేడా రానిది. అన్నిటికీ ఒకే పేరు తగిలించడం వల్ల, దేనికి తొందరపడాలో దేనికి అక్కర్లేదో కొనేవారికి తెలియకుండా పోతోంది.

ఈ చిక్కు విప్పడానికి ఒక్క ప్రశ్న చాలు: ఈ బీరు ఈ కాలంలోనే ఎందుకు వస్తోంది? పంట చేతికొచ్చినందుకా, చలి మొదలైనందుకా, పాత అలవాటు కొద్దీనా, అమ్మకాల లెక్క ప్రకారమా? జవాబు దొరికితే ఎంత త్వరగా తాగాలి, ఏ ఉత్సవానికి వెళితే ప్రయాణం దండగ కాదు అన్నవి వాటంతట అవే తేలిపోతాయి.

ముందుగా, ఈ బీర్ల గురించి మాట్లాడేటప్పుడు వినిపించే ‘క్రాఫ్ట్’ అన్న మాట సంగతి. అమెరికాలో చిన్న బ్రూవరీల, అంటే బీరు తయారీ సంస్థల, సంఘమైన బ్రూవర్స్ అసోసియేషన్ లెక్క ప్రకారం ఏడాదికి 60 లక్షల బ్యారెళ్లకు, అంటే సుమారు 70 కోట్ల లీటర్లకు మించకుండా బీరు తయారు చేసేది, పెద్ద మద్యం సంస్థల వాటా 25 శాతానికి లోపు ఉన్నది క్రాఫ్ట్ బ్రూవరీ. డెబ్బై కోట్ల లీటర్లు చిన్న సంఖ్యేమీ కాదు. కాబట్టి ఆ మాట యాజమాన్యం ఎవరి చేతిలో ఉందో చెబుతుంది తప్ప, గ్లాసులో ఏముందో చెప్పదు. జర్మనీలోని బవేరియా రాజధాని మ్యూనిక్‌నే చూడండి. అక్కడి బ్రూవరీల్లో స్పాటెన్, లోవెన్‌బ్రాయ్ ప్రపంచంలోనే అతి పెద్ద బీరు సంస్థ చేతిలో ఉన్నాయి. హోఫ్‌బ్రాయ్ బవేరియా ప్రభుత్వానిది. అయినా ఆకురాలు కాలపు బీరు కథ ఎవరు మొదలుపెట్టినా ఆ ఊరి నుంచే మొదలుపెట్టక తప్పదు.

చలి నేర్పిన క్యాలెండర్

బీరు తయారీ సూత్రం చిన్నదే. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని వేడినీటిలో నానబెట్టి తీపి రసం తీస్తారు. ఆ రసంలో చేదు, సువాసన ఇచ్చే హాప్ అనే తీగ పూలు వేసి మరిగిస్తారు. చల్లార్చాక ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ ఆ తీపిని తిని ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. వాతావరణంతో పేచీ ఈ చివరి దశలోనే. వేడి ఎక్కువైతే ఈస్ట్ అదుపు తప్పుతుంది, బీరును పాడుచేసే సూక్ష్మజీవులు పెచ్చుపెరుగుతాయి. శీతల యంత్రాలు లేని రోజుల్లో వేసవిలో చేసిన బీరు నిలిచేది కాదు. అందుకే 1553లో బవేరియాలో ఒక శాసనం వచ్చింది. సెప్టెంబరు 29న వచ్చే సెయింట్ మైఖేల్ పండుగ నుంచి ఏప్రిల్ 23న వచ్చే సెయింట్ జార్జ్ పండుగ వరకే బీరు తయారు చేయాలని దాని సారాంశం.

మరి వేసవిలో తాగడానికి? గడువు ముగిసే ముందు, మార్చిలో, కాస్త గట్టి బీరు తయారు చేసి దాచుకునేవారు. ఆ నెల పేరు మీదే దానికి మేర్ట్సెన్ అని పేరు వచ్చింది. నేలమాళిగల్లో, చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోసి తెచ్చి పేర్చి, ఆ చల్లదనంలో పీపాలు నిలవ ఉంచేవారు. మాళిగ పైన నేలకు నీడ కోసం చెస్ట్‌నట్ చెట్లు నాటేవారు. ఆరుబయట కూర్చుని బీరు తాగే బవేరియా ‘బీరు తోటలు’ ఆ చెట్ల నీడల్లోనే పుట్టాయి. సెప్టెంబరు చివరికి కొత్త బార్లీ, కొత్త హాప్స్ వచ్చేస్తాయి, పీపాలు ఖాళీ కావాలి. అలా నెలల తరబడి చల్లగా నిలవ ఉండి నునుపు తేలిన బీరు ఆకురాలు కాలంలో గ్లాసుల్లోకి వచ్చేది.

ఇందులో పండుగ ఎక్కడా లేదు. పండుగ వేరే దారిలో వచ్చింది. 1810 అక్టోబరు 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కు, యువరాణి థెరీస్‌కు పెళ్లయింది. ఆ సంబరాల్లో భాగంగా అక్టోబరు 17న ఊరి బయటి మైదానంలో గుర్రపు పందేలు జరిగాయి. యువరాణి పేరు మీద ఆ మైదానం థెరీసియన్‌వీజ అయింది. స్థానికులు ఇప్పటికీ ఉత్సవాన్ని ముద్దుగా వీజ్న్ అంటారు. మొదటి ఏడాది ముఖ్యం గుర్రాలు. బీరు తర్వాతి దశాబ్దాల్లో మెల్లగా పెరిగి మైదానాన్ని ఆక్రమించింది. అక్టోబరు చలి ఇబ్బంది పెడుతోందని ప్రారంభాన్ని సెప్టెంబరుకు జరిపారు. పేరులో అక్టోబరు ఉన్నా ఉత్సవంలో ఎక్కువ రోజులు సెప్టెంబరులోనే గడవడానికి కారణం ఇదే.

ఇప్పుడు రంగు విషయానికి వద్దాం, ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. పాత మేర్ట్సెన్ ముదురు గోధుమ రంగు బీరు. 1833లో మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ వారసుడు గాబ్రియేల్ సెడెల్‌మయర్, వియన్నాకు చెందిన ఆంటన్ డ్రేహర్ బ్రిటన్ బ్రూవరీలు చూడడానికి వెళ్లారు. చూడడంతో ఆగలేదు. లోపల గుల్లగా చేయించిన చేతికర్రలో ఎవరికీ తెలియకుండా నమూనాలు పట్టి, బసకు తెచ్చుకుని పరీక్షించారు. మాల్ట్‌ను పొగ తగలకుండా, వేడిని అదుపులో పెట్టి ఆరబెట్టే విద్య అక్కడి నుంచే పట్టుకొచ్చారు. దాంతో లేత రంగు మాల్ట్ చేతికొచ్చింది. 1841లో డ్రేహర్ రాగి రంగు వియన్నా లాగర్‌ను (లాగర్ అంటే చల్లగా పులియబెట్టి నిలవ ఉంచే బీరు) తెచ్చాడు. 1872లో గాబ్రియేల్ సోదరుడు యోసెఫ్ సెడెల్‌మయర్ ఆ పద్ధతిలో చేసిన రాగి రంగు మేర్ట్సెన్‌ను ఆక్టోబర్‌ఫెస్ట్‌లో పోయించాడు. ఆక్టోబర్‌ఫెస్ట్ అనగానే ప్రపంచం ఊహించుకునే బీరు అదే అయింది.

అయితే ఈ రోజు మ్యూనిక్ వెళ్లి వీజ్న్ గుడారంలో కూర్చుంటే మీ ముందుకు వచ్చే లీటరు గ్లాసులో ఉండేది రాగి రంగు బీరు కాదు, బంగారు రంగు బీరు. 1970ల్లో పౌలానర్ బ్రూవరీ ఇంకా లేత బీరు చేసి తెచ్చింది. లీటర్లకు లీటర్లు తాగేవారికి రాగి రంగు బీరు త్వరగా కడుపు నింపేస్తోందన్నది కారణం. మిగతావాళ్లూ అదే దారి పట్టారు. ఆ బంగారు రంగు బీరును ఇప్పుడు ఫెస్ట్‌బీర్ అంటున్నారు. అట్లాంటిక్ అవతల అమెరికా క్రాఫ్ట్ బ్రూవరీలు మాత్రం రాగి రంగు మేర్ట్సెన్‌నే పట్టుకుని కూర్చున్నాయి. అందుకే ఒకే పేరుతో రెండు వేర్వేరు బీర్లు చెలామణిలో ఉన్నాయి. ఆల్కహాల్ రెండింటిలోనూ సుమారు 6 శాతం. రాగి రంగు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె పైపెచ్చు వాసన వస్తుంది. నాలుక మీద మొదట తీపి అనిపించి, మింగేసరికి తీపి మిగలకుండా ముగుస్తుంది. మేర్ట్సెన్ బాగా చేశారా లేదా అన్నది ఆ ముగింపు దగ్గరే తెలిసిపోతుంది. తీపి చివరిదాకా అతుక్కుని ఉంటే రెండో గ్లాసు తాగబుద్ధి కాదు. బంగారు రంగు ఫెస్ట్‌బీర్‌లో రొట్టె వాసన తక్కువ, తేలికదనం ఎక్కువ. నా మొగ్గు రాగి రంగు మేర్ట్సెన్ వైపే. ఇంటి దగ్గరి చిన్న బ్రూవరీ ఒకటి దీన్ని శ్రద్ధగా చేస్తోందంటే, సముద్రాలు దాటి వచ్చిన సీసా కన్నా అదే మంచిదని నా నమ్మకం.

1870ల్లో ఇంజినీరు కార్ల్ ఫాన్ లిండె తన శీతల యంత్రాన్ని తొలిసారి నడిపి చూసింది స్పాటెన్ బ్రూవరీలోనే. ఆ యంత్రం నిలదొక్కుకున్న రోజు నుంచి మార్చికీ జులైకీ తేడా లేదు. అంటే మేర్ట్సెన్‌కు రుతువు ఇప్పుడు అవసరం కాదు, జ్ఞాపకం. జ్ఞాపకమని చిన్నచూపు చూడనవసరం లేదు. సున్నా డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉంచే ఓపిక ఇప్పటికీ కావాలి. తొందరపడి తీసేస్తే గంధకపు వాసన, వెన్నలాంటి జిడ్డు రుచి మిగిలిపోతాయి.

పచ్చి హాప్స్: గడియారంతో పందెం

నిజంగా రుతువు మీదే బతికే బీరు వేరే ఉంది. హాప్ మొక్క తీగ. నిలువు తీగలు కట్టిన పందిళ్ల మీద ఐదారు మీటర్ల ఎత్తుకు పాకుతుంది. ఆడ మొక్కలకు మాత్రమే పనికొచ్చే పూలు పూస్తాయి. లేత ఆకుపచ్చ రేకులు ఒకదాని మీద ఒకటి పొరలుగా పేర్చుకుని ఉంటాయి. ఒక పూవును నిలువుగా చీల్చి చూస్తే ప్రతి రేకు మొదట్లోనూ పసుపు పచ్చని పొడి అంటుకుని ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే బంకగా పట్టుకుంటుంది. ఘాటైన వాసన, కొన్ని రకాల్లో నిమ్మ తొక్క, కొన్నిటిలో పైన్ ఆకు, కొన్నిటిలో మట్టి, మిరియం. లుపులిన్ అనే ఆ పొడిలోనే ఉంది అంతా. అందులోని ఆమ్లాలు మరిగే రసంలో చేదుగా మారతాయి. సువాసన నూనెలు అంతే సులువుగా ఆవిరైపోతాయి.

ఉత్తరార్ధగోళంలో ఈ పూలు కోతకు వచ్చేది ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు దాకా, ఏడాదికి ఒక్కసారే. కోసినప్పుడు పూవు బరువులో దాదాపు 80 శాతం నీరే. కుప్పపోసి వదిలేస్తే తడి గడ్డివాములాగా లోపల నుంచి వేడెక్కి కుళ్లడం మొదలవుతుంది. అందుకే కోసిన గంటల్లోనే బట్టీలోకి పంపి, నీరు పదో వంతుకు దిగేదాకా ఆరబెట్టి, బస్తాలకెక్కించి చల్లని గోదాముల్లో దాస్తారు. ప్రపంచంలో తాగే బీరులో దాదాపు అంతా ఇలా ఆరిన హాప్స్‌తో చేసినదే. ఏడాది పొడవునా బీరు దొరుకుతోందంటే ఆ బట్టీల చలవే. కానీ బట్టీ వేడికి సున్నితమైన నూనెల్లో కొంత భాగం ఎగిరిపోతుంది. ఆ భాగం రుచి చూడాలంటే బట్టీని దాటవేసి, పూవును పొలం నుంచి నేరుగా మరిగే రసంలో వేయాలి. అలా చేసిందే పచ్చి హాప్ బీరు.

చెప్పినంత తేలిక కాదు. కోసిన 24 గంటల్లోపు వాడాలి, వీలైతే ఇంకా ముందే. నీటి బరువు వల్ల ఆరిన హాప్స్‌తో పోలిస్తే ఐదారు రెట్ల పూలు పట్టుకెళ్లాలి. అంత పచ్చదనం తొట్టిలో పోస్తే గొట్టాలు మూసుకుపోతాయి, రసం చాలా వరకు పూలే పీల్చుకుంటాయి. పైగా ఆరిన హాప్స్ బస్తాతో పాటు దానిలో చేదు ఎంతుందో చెప్పే పరీక్ష ఫలితం వస్తుంది. పచ్చి పూవుకు అంత వ్యవధి ఉండదు. అందుకని చాలామంది చేదు కోసం ఆరిన హాప్స్ వేసి, సువాసన కోసం చివర్లో పచ్చివి వేస్తారు. కోత ఏ రోజు మొదలవుతుందో పొలం చెబుతుంది తప్ప బ్రూవరీ చెప్పలేదు. ఫోను వచ్చిన వెంటనే లారీ బయలుదేరాలి, పొయ్యి వెలగాలి.

అమెరికాలో ఈ పద్ధతికి పేరు తెచ్చింది కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా బ్రూవరీ. 1996లో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయ నుంచి పచ్చి హాప్స్ తెప్పించుకుని హార్వెస్ట్ ఏల్ అనే బీరు తయారు చేసింది. అమెరికా హాప్స్‌లో సుమారు మూడొంతులు పండేది యాకిమా చుట్టుపక్కలే. సహజంగానే పచ్చి హాప్ బీరుకు అదే రాజధాని అయింది. అక్కడ ఏటా అక్టోబరు మొదట్లో ఫ్రెష్ హాప్ ఏల్ ఫెస్టివల్ జరుగుతుంది. ఇంగ్లండులో ఈ పని కెంట్ ప్రాంతానిది. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ అన్న పేరున్న హాప్ రకం అక్కడిదే. సెప్టెంబరు చివర నుంచి కొన్ని వారాల పాటు ఆ చుట్టుపక్కల పబ్బుల్లో పచ్చి హాప్ బీర్లు పోస్తారు.

లేబుళ్ల మీద పేర్లతో ఇక్కడా ఒక గొడవ ఉంది. అసలు ఆరబెట్టని పూలతో చేసినదాన్ని కొందరు ‘వెట్ హాప్’ అంటారు, ఇంగ్లండులో ‘గ్రీన్ హాప్’ అంటారు. అమెరికా వాయవ్య ప్రాంతంలో ‘ఫ్రెష్ హాప్’ అన్నా ఇదే. కానీ కొన్ని బ్రూవరీలు ‘ఫ్రెష్ హాప్’ అంటే ఆ ఏడాది పంటే అయినా బట్టీలో ఆరబెట్టి వెంటనే వాడినదని లెక్క వేస్తాయి. రెండూ మంచివే, రుచి మాత్రం ఒకటి కాదు. పచ్చివాటితో చేసిన బీరులో కోసిన గడ్డి, కీరదోస, పుచ్చకాయ తొక్క లాంటి మెత్తని వాసనలు వస్తాయి. ఘాటు ఎక్కువగా ఉంటుందని ఆశించి తాగినవాళ్లు నిరాశపడతారు. సున్నితత్వమే దాని గొప్పతనం. చేయి తిరగని చోట ఆ పచ్చదనం ఆకు కషాయంగా మారి నోరు వగరెక్కుతుంది. అలాంటి గ్లాసును తిరిగి ఇచ్చేయడానికి మొహమాటపడకండి.

ఆ సువాసన నిలిచేది కొన్ని వారాలే. మూడు నాలుగు వారాల్లో తాగేయాలని నేను చెబుతాను. డిసెంబరులో తగ్గింపు ధరకు దొరికిన పచ్చి హాప్ డబ్బాలో మిగిలేది మామూలు బీరే. స్థానిక ఉత్సవం అన్న మాటకు అసలైన అర్థం వచ్చేదీ ఇక్కడే. ఇది దూరం ప్రయాణించలేని బీరు. పొలానికి దగ్గరగా ఉన్న బ్రూవరీకి మనమే వెళ్లాలి.

హాప్ పండే ఊళ్లలో కోత పండుగలు బీరు ఉత్సవాలకన్నా వేరుగా ఉంటాయి. బెల్జియంలోని పోపెరింగెలో మూడేళ్లకొకసారి సెప్టెంబరులో హాప్ పండుగ చేస్తారు, వీధుల్లో ఊరేగింపు సాగుతుంది. చెక్ దేశంలోని జాటెట్స్ పట్టణంలో సెప్టెంబరు మొదట్లో కోత ముగింపు పండుగ దోచెస్నా జరుగుతుంది. సాట్స్ అనే ప్రసిద్ధ హాప్ రకానికి ఆ ఊరే పుట్టిల్లు. ఆ పట్టణాన్నీ చుట్టుపక్కల హాప్ పొలాలనూ యునెస్కో 2023లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బీరు వెనక రైతు ఉన్నాడని కళ్లారా చూడాలనుకునేవారు వెళ్లాల్సింది అలాంటి చోట్లకు.

భూమధ్యరేఖకు దిగువన క్యాలెండర్ తిరగబడుతుంది. న్యూజిలాండ్‌లోని నెల్సన్ ప్రాంతంలో హాప్ కోత ఫిబ్రవరి చివరి నుంచి మార్చి దాకా సాగుతుంది. అక్కడ ఆకురాలు కాలం మొదలయ్యేదీ మార్చిలోనే. పచ్చి హాప్ బీర్లు ఆ తర్వాతి వారాల్లో గ్లాసుల్లోకి దిగుతాయి. పంట ఎప్పుడైతే రుతువు అప్పుడే.

గుమ్మడికాయ పేరు, మసాలా రుచి

గుమ్మడికాయ బీరు మీద రెండు వర్గాలు తెగ వాదించుకుంటాయి. వాదనకు ముందు చరిత్ర తెలుసుకోవాలి. ఉత్తర అమెరికాలో స్థిరపడిన ఆంగ్లేయులకు బార్లీ మాల్ట్ కరువు. పులియడానికి పనికొచ్చే తీపి ఎందులో ఉంటే దాన్ని వాడారు. గుమ్మడికాయ అక్కడ విరివిగా కాసేది, కాబట్టి దాని రసంతో బీరు చేశారు. అప్పట్లో అది రుచి కోసం కాదు, గత్యంతరం లేక. బార్లీ పుష్కలంగా దొరకడం మొదలయ్యాక గుమ్మడికాయ తప్పుకుంది.

1980ల్లో కాలిఫోర్నియాలోని హేవర్డ్‌లో బఫెలో బిల్స్ బ్రూవరీ నడిపిన బిల్ ఓవెన్స్ ఆ పాత పద్ధతిని మళ్లీ ప్రయత్నించాడు. గుమ్మడికాయ వేసి చేస్తే రుచే తెలియలేదు. గుమ్మడి గుజ్జులో అంత రుచి లేదు మరి. అప్పుడు ‘పంప్‌కిన్ పై’ అనే గుమ్మడికాయ తీపి వంటకంలో వేసే దాల్చినచెక్క, జాజికాయ, లవంగం లాంటి మసాలా కలిపాడు. ఈ రోజు గుమ్మడికాయ బీరు అనగానే మనకు తగిలే వాసన ఆ మసాలాదే. మసాలాకు రుతువు లేదు. అందుకే ఈ బీర్లు ఏటా ముందుకు జరుగుతూ జులై, ఆగస్టుల్లోనే అరల మీదకు వచ్చేస్తున్నాయి. జులైలో ఆ ఏడాది గుమ్మడికాయ ఇంకా పొలంలో పిందెగానే ఉంటుంది. అంటే సీసాలో ఉన్నది డబ్బాలో నిలవ చేసిన గుజ్జో, పాత పంటో, ఉత్త మసాలానో. తాగొద్దని నేను అనను. దాల్చినచెక్క వెనక మాల్ట్ రుచి తెలిసేలా చేయగల బ్రూవరీలు ఉన్నాయి. కానీ దీనికి పరుగులు అక్కర్లేదు, ప్రయాణాలు అంతకన్నా అక్కర్లేదు.

తాగడానికి మూడేళ్లు పట్టే ఆకురాలు కాలం

బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే లాంబిక్ బీరుకు అక్టోబరు ఆరంభ మాసం. దీనిలో ఈస్ట్ కలపరు. మరిగిన రసాన్ని అటక మీద వెడల్పాటి, లోతు తక్కువ తొట్టిలో పోసి రాత్రంతా వదిలేస్తారు. కిటికీల్లోంచి వచ్చే చల్లగాలితో పాటు గాలిలోని ఈస్ట్‌లు, బ్యాక్టీరియా దానిలో దిగుతాయి. తెల్లవారాక పీపాల్లోకి ఎక్కిస్తారు. రాత్రి చలి సరిపోకపోతే రసం మెల్లగా చల్లారి, అక్కర్లేని సూక్ష్మజీవులు పైచేయి సాధిస్తాయి. కాబట్టి చలి రాత్రులుండే అక్టోబరు నుంచి వసంతం మొదటి దాకానే ఈ పని చేస్తారు. 1900లో మొదలైన కాంటియోన్ బ్రూవరీ ఇప్పటికీ అలాగే చేస్తోంది. 2015 నవంబరులో వాతావరణం విడ్డూరంగా వెచ్చబడటంతో అక్కడ తయారీని కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. 1553 శాసనంలో ఏ భయముందో అదే భయం ఆ అటక మీద ఇంకా బతికే ఉంది.

ఆ రాత్రి తొట్టిలో పోసిన రసాన్ని ఆ ఏడాది తాగలేం. ఒక ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు పీపాల్లో ఉన్న లాంబిక్‌లను కలిపి సీసాలో మళ్లీ పులియబెడితే గూజ్ అనే బీరు తయారవుతుంది. అన్ని బీర్లలోనూ రుతువుకు ఎక్కువ కట్టుబడినది ఇదే అయినా, ‘సీజనల్’ అన్న చీటీ దీని మీద కనిపించదు.

ఎక్కడికి వెళ్లాలి, ఎలా తాగాలి

పెద్ద ఉత్సవాలకు వాటి ప్రయోజనం వాటికుంది. 1982లో కొలరాడోలో మొదలై ఇప్పుడు డెన్వర్‌లో జరిగే గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లో వందల బ్రూవరీలు ఒకే కప్పు కింద దొరుకుతాయి. ఒక్కోసారి పోసేది ఒక ఔన్సు, అంటే 30 మిల్లీలీటర్ల లోపే. ఆ మోతాదు తెలివైనది. ఇరవై బీర్లు రుచి చూసినా మొత్తం 600 మిల్లీలీటర్లు దాటదు. కొత్త రకాలు పరిచయం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఒక బీరుతో స్నేహం చేయడానికి మాత్రం అంతటి హోరు పనికిరాదు.

మ్యూనిక్ ఉత్సవం పరిమాణంలో కొండంత. ఏటా 60 లక్షల మంది పైగా వస్తారు. అయినా అక్కడ పోసేది ఊరి హద్దుల్లో తయారైన ఆరు బ్రూవరీల బీరే: ఆగుస్టినర్, హాకర్-ప్షోర్, హోఫ్‌బ్రాయ్, లోవెన్‌బ్రాయ్, పౌలానర్, స్పాటెన్. మొదటి శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి నగర మేయరు చెక్క సుత్తితో పీపాకు కుళాయి దిగ్గొట్టాక గానీ మైదానంలో ఎవరికీ చుక్క పోయరు. 1950 నుంచి వస్తున్న ఆచారమిది. ఎన్ని దెబ్బల్లో దిగిందో ఊరంతా లెక్కపెడుతుంది. జనం తోపులాట వద్దనుకుంటే పని రోజుల్లో మధ్యాహ్నం పూట వెళ్లాలి. లేదా పాత పద్ధతిలో నడిచే ఓయిడ వీజ్న్ అనే వేరే ఆవరణ ఆ ఏడాది ఉంటే దానికి వెళ్లాలి. అక్కడ హడావిడి తక్కువ.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి మాత్రం గుడారాలు, సంగీతం లేని చిన్న సందర్భాలు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో యూరిగె బ్రూవరీ, ఆ ఊరి సంప్రదాయ బీరైన ఆల్ట్‌బీర్‌ను మరింత గట్టిగా చేసి ‘స్టికె’ పేరుతో ఏడాదికి రెండు రోజులే పోస్తుంది: జనవరిలో మూడో మంగళవారం, అక్టోబరులో మూడో మంగళవారం. ఆ దేశంలోనే బాంబెర్గ్‌లో పొగ వాసన వేసే మాల్ట్‌తో బీరు చేసే ష్లెంకెర్లా, అక్టోబరులో ఉర్‌బాక్ అనే ఘాటైన బీరు పీపాలు తెరుస్తుంది. ఊరివాళ్లు ఆ రోజు కోసం ఎదురుచూస్తారు. ఏ ఊళ్లోనైనా శ్రద్ధగల చిన్న బ్రూవరీకి ఇలాంటి రోజు ఒకటి ఉంటుంది, కనుక్కోవాలంతే.

తాగే పద్ధతి గురించి కొన్ని మాటలు. తేలిక బీర్ల నుంచి గట్టివాటికి, తక్కువ చేదు నుంచి ఎక్కువ చేదుకు వెళ్లాలి, మసాలా బీర్లను చివరికి ఉంచాలి. జాజికాయ ఒకసారి నాలుక మీదకు చేరాక మేర్ట్సెన్‌లోని రొట్టె రుచి తెలియదు. మంచులా చల్లగా ఉన్నది కాసేపు ఆగి తాగితే సువాసన బయటపడుతుంది. ఆరుబయట కూర్చున్నప్పుడు గ్లాసును ఎండలో పెట్టొద్దు. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విరిగి, గంధకం ఉన్న ఒక దుర్వాసన పుడుతుంది. పారదర్శకమైన గ్లాసులో ఇది నిమిషాల్లో జరుగుతుంది. గోధుమ రంగు సీసాలు వాడేది దీన్ని అడ్డుకోవడానికే.

లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి. 6 శాతం ఆల్కహాల్ ఉన్న లీటరు ఫెస్ట్‌బీర్‌లో 60 మిల్లీలీటర్లు, అంటే 47 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 10 గ్రాములను ఒక ప్రమాణంగా లెక్కించే దేశాల్లో ఆ ఒక్క గ్లాసే దాదాపు ఐదు ప్రమాణాలు. తేలిగ్గా దిగిపోయేలా చేసిన బీరు కాబట్టి ఆ సంగతి తాగేటప్పుడు తెలియదు. మధ్యమధ్య నీళ్లు తాగాలి, కడుపులో ఏదైనా పడాలి. ఒక్క గ్లాసు తాగినా బండి తాళాలు ముట్టుకోకూడదు. గర్భిణులు, మందులు వాడుతున్నవారు దీని జోలికి పోకపోవడమే సరి.

ఇక కొనే ముందు చేయాల్సిన పని. డబ్బా అడుగున గానీ సీసా మెడ మీద గానీ ముద్రించిన తేదీ చూడండి. తేదీ లేని పచ్చి హాప్ బీరును అక్కడే వదిలేయండి. మేర్ట్సెన్ అయితే చల్లగా ఉంచినది రెండు మూడు నెలల పాతదైనా ఫరవాలేదు. బ్రూవరీలో కూర్చుని తాగుతుంటే, కుళాయి దగ్గరున్న మనిషిని అడగండి: ఈ హాప్స్ ఏ పొలంలోవి, ఎప్పుడు కోశారు, తొట్టిలో ఎప్పుడు వేశారు? నిజంగా పచ్చివే వాడిన చోట ఆ ప్రశ్నకు తడుముకోరు. పొలం పేరు, కోసిన రోజు, లారీ ఎన్ని గంటలకు గేటు దాటిందో కూడా చెబుతారు.